"రాత్రి కూడానా అండి?": నెలలు నిండకుండా పుట్టిన ఒక పాప, ఇంటికెళ్ళాక ఏడు రోజులు (కేస్ స్టడీ)

పాప పుట్టి అది 15వ రోజు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరదకి రెండో ప్రమాద హెచ్చరిక తీసేసి ఒక్క రోజే అయ్యింది, లంకల్లోకి (ఏటి మధ్య దీవుల్లాంటి ఊళ్ళు) వెళ్ళే కాజ్‌వేల మీద ఇంకా నీళ్ళు పారుతూనే ఉన్నాయి, పడవ మీద ఇవతలి గట్టుకొచ్చి అక్కణ్ణుంచి ఆటో కట్టించుకుని వచ్చారు వాళ్ళు. తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ ఒళ్ళో పాత పంచె ముక్కలో చుట్టిన పాప. అమ్మమ్మ మొహంలో కంగారేం లేదు. "చూపించమన్న రోజుకి రాలేకపోయేమండి, వరదొచ్చేసింది కదండీ మరి. పిల్ల మాత్రం బంగారుతల్లండి, ఏడుపే లేదు, రాత్రంతా ఒకటే నిద్ర" అంది. ఆ మాటకి నా గుండె జారింది. వారం కిందట 1990 గ్రాముల బరువుతో ఆ పాపని ఇంటికి పంపింది నేనే, 35 వారాలకే పుట్టిన పిల్ల రాత్రంతా ఏడవకుండా పడుకుంటే సంతోషించే విషయం కాదది.

తూకం మీద పెడితే 1830 వచ్చింది. మిషన్ తప్పేమో అని రెండోసారి పెట్టా, అదే అంకె.

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది, ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. డెల్టాలో పిల్లల డాక్టర్‌గా 14 ఏళ్ళ నుంచి చేస్తున్నా, ఇలాంటి పిల్లలు తిరిగొచ్చినప్పుడు మేం మాలో మేం ఒక్క ముక్కలో తేల్చేస్తాం, "పేరెంట్స్ చెప్పింది ఫాలో అవ్వలేదు" అని. కేస్ షీట్లో కూడా అదే రాసేస్తాం. ఈసారి రాయబోయి ఆగాను, ఎందుకో అమ్మమ్మ మొహం చూస్తే ఈవిడ నిర్లక్ష్యం చేసే మనిషి కాదనిపించింది. ఆగినందుకు మంచే జరిగింది, తవ్వేకొద్దీ ఈ ఇంట్లో వాళ్ళు విన్న ప్రతీ మాటనీ పాటించారని తేలింది. వాళ్ళదాకా చేరని మాటల లెక్క వేరే, ఆ లెక్క మాది.

ముందు జరిగింది

తల్లికి 22 ఏళ్ళు, మొదటి కాన్పు. ఎనిమిదో నెలలో బీపీ బాగా పెరిగిపోయి 35 వారాలకే ఆపరేషన్ చేయాల్సొచ్చింది. పాప 2080 గ్రాములు. పుట్టగానే ఆయాసం, ఊపిరితిత్తుల్లో నీరు పూర్తిగా ఆరకపోతే వస్తుందే అది, ఒకటిన్నర రోజు ఆక్సిజన్ పెడితే తగ్గింది. నాలుగో రోజు కామెర్లు పెరిగితే రెండు రోజులు లైట్ కింద పెట్టాం. బరువు ఐదో రోజుకి 1920కి పడి తర్వాత మూడు రోజులూ పెరుగుతూ 1990కి వచ్చింది. తల్లి రొమ్ము పట్టిస్తోంది, అది చాలనప్పుడు పాలు పిండి గిన్నెతో పోస్తోంది. అన్నీ బాగున్నాయి అనుకుని ఎనిమిదో రోజు డిశ్చార్జ్ రాశా. 5 రోజుల తర్వాత రమ్మన్నాం.

ఆ డిశ్చార్జ్ ఎలా జరిగిందో ఇప్పుడు గుర్తు చేసుకుంటే సిగ్గేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంట టైమ్, నాకు ఓపీ నిండా జనం, బిల్లు కౌంటర్ దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు, మా సిస్టర్ కాగితం పట్టుకుని అతనికి గబగబా చెప్పేసింది. తల్లి కుట్ల నొప్పితో వీల్‌ఛైర్లో లిఫ్ట్ దగ్గరుంది. అమ్మమ్మ సంచులు పట్టుకుని ఆటో మాట్లాడ్డానికి కిందకెళ్ళిపోయింది. కాగితం మొత్తం ఇంగ్లీషు. తర్వాత నేనే కూర్చుని లెక్కపెడితే అందులో 11 సూచనలున్నాయి, మందులు కాక. చివర్లో సిస్టర్ "అర్థమైందా అండి" అంటే అతను "ఆయ్, అర్థమైందండి" అన్నాడు.

మా గోదావరి వాళ్ళ "ఆయ్" గురించి బయటి ఊళ్ళ నుంచి వచ్చిన జూనియర్లకి ఎప్పుడూ చెప్తుంటా. అది మర్యాద. విన్నానండీ అని దానర్థం, పెద్దవారు మీరు చెప్తే కాదంటామా అని అర్థం, ఒక్కోసారి ఇంక వదిలేస్తే పోతామండీ అని కూడా. అర్థమైంది అనేది ఆ అర్థాల్లో చిట్టచివరిది. ఇంత తెలిసీ నా వార్డులో నా సిస్టర్ అదే ఆయ్ విని టిక్ పెట్టేసింది, నేను సంతకం పెట్టేశా.

15వ రోజు ఎలా ఉంది

పాప కదిపితే కళ్ళు తెరుస్తోంది, వదిలేస్తే మళ్ళీ మత్తు. నోరు ఎండిపోయింది, పొట్ట చర్మం పట్టుకుంటే మెత్తటి పిండిలా ఉంది. చంకలో 36.0 డిగ్రీలు, పాదాలు చల్లగా. కామెర్లు తొడల దాకా ఉన్నాయి, అరికాళ్ళకి లేవు. రక్తంలో షుగర్ 52, బిలిరుబిన్ (కామెర్ల కొలత) 13.2, సోడియం (రక్తంలో ఉప్పు) 153, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. పుట్టిన బరువు కంటే 12 శాతం తక్కువలో ఉంది. మామూలుగా నెలలు నిండిన పిల్లలు మొదటివారం కొంచెం తగ్గి రెండో వారానికల్లా పుట్టిన బరువుకి వచ్చేస్తారు, ఈ పాప రెండు వారాలు దాటాక ఇంకా కిందకే పోతోంది. ఇన్‌ఫెక్షన్ ఉందేమో అని పరీక్షలు పంపించా, ఏం లేదని వచ్చింది.

పాలు చాలక ఒంట్లో నీరు తగ్గిపోయి ఉప్పు శాతం పెరిగిపోవడం ఇది. దీంట్లో ఉన్న మోసం ఏంటంటే పిల్ల గోల చెయ్యదు. ఆకలేసి ఏడ్చే ఓపిక కూడా తగ్గిపోయి నెమ్మదిగా పడుకుంటుంది, పడుకుంది కదా అని ఇంట్లోవాళ్ళు లేపరు, లేపకపోతే ఇంకా నీరసం, అలా తిరుగుతూనే ఉంటుంది ఆ గానుగ. వైద్యం మాత్రం తొందరపడకూడదు, సోడియం ఒక్కసారిగా దించితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి. పాప బీపీ అదీ బానే ఉంది కాబట్టి సెలైన్ జోలికి పోకుండా ముక్కులోంచి సన్న గొట్టం వేసి తల్లి పాలే రెండు గంటలకోసారి కొలత ప్రకారం పోశాం. మర్నాటికి 147, మూడో రోజుకి 142. గొట్టం రెండో రోజు సాయంత్రమే తీసేశాం. వైద్యం పరంగా ఇంతే, పెద్ద కథేం లేదు.

కవర్లో ఏమున్నాయి

చేర్చుకున్న సాయంత్రం అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టి, "పిన్నిగారూ, నేను తిట్టడానికి అడగట్లేదు, ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా పాపకి ఏం చేశారో నాకు చేసి చూపించండి, మందుల కవర్ కూడా ఇలా ఇవ్వండి" అన్నా. చెప్పమనలేదు, చూపించమన్నా. చెప్పమంటే మనకి నచ్చేదే చెప్తారు.

కవర్ బెడ్ మీద గుమ్మరించింది. విటమిన్ డి చుక్కలు, ఐరన్ చుక్కలు, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు, ఒక గ్రైప్ వాటర్ సీసా (మేం రాయలేదు, పక్కింటావిడ ఇచ్చిందట), అరిగిపోయిన వస కొమ్ము ఒకటి, వెండి ఉగ్గు గిన్నె. డిశ్చార్జ్ కాగితం లేదు. "కాగితమేదండీ" అంటే "అల్లుడుగారి దగ్గరుండిపోయిందండి, బండి డిక్కీలో". అల్లుడుగారు భీమవరం వైపు రొయ్యల చెరువు మీద ఉన్నాడు, అంటే సూచనలన్నీ ఒక జిల్లాలో, పాప ఇంకో జిల్లాలో. మొదటి కాన్పుకి పిల్ల పుట్టింటికి వెళ్తుందని ఇక్కడ పుట్టి పెరిగిన నాకు తెలీదా, అయినా కాగితం తండ్రి చేతికే ఇచ్చాం, బిల్లు కట్టేది అతనే కాబట్టి.

విటమిన్ డి ఎంత వేస్తున్నారు అంటే "ఐదండి" అంది. ఐదేంటి? ఐదు చుక్కలట. మేం రాసింది అర ఎంఎల్, కాగితం మీద పాయింట్ ఫైవ్. అల్లుడు ఫోన్లో "పాయింట్ ఫైవ్ వెయ్యమన్నారత్తా" అన్నాడు, చెరువు మీద మోటార్ల హోరులో ఈవిడకి ఫైవ్ ఒక్కటే వినపడింది, ఫైవంటే ఐదు, చుక్కల మందు కాబట్టి ఐదు చుక్కలు. ఎంత పద్ధతిగా ఆలోచించిందో చూడండి! అదృష్టం కొద్దీ తప్పు తక్కువ వైపుకి పోయింది. ఆవిడే ఐదుని ఎంఎల్ అనుకుని మూతతో పోసుంటే? అసలు ఈ చుక్కల మందులు కొన్ని కంపెనీలవి ఒక ఎంఎల్‌కి 400 యూనిట్లు, కొన్ని 800, మేం ఒకటి రాస్తే షాపులో ఇంకోటి ఇస్తారు, కొలత మాత్రం పాతదే నడుస్తుంది. ఐరన్ సీసా సీలు తియ్యలేదు, రెండు వారాలు నిండాక మొదలుపెట్టమన్నాం కాబట్టి ఆవిడ రోజులు లెక్కపెట్టుకుని కూర్చుంది.

తర్వాత పాలు. "రెండు గంటలకోసారి పట్టమన్నారని అల్లుడుగారు చెప్పేరండి, గడియారం చూసుకుని మరీ పట్టించేనండి". నిజమే, పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా టైములు కూడా చెప్పింది, ఎక్కడా తప్పలేదు. మరి పది తర్వాత? నా వైపు అదోలా చూసి, "రాత్రి కూడానా అండి?" అంది.

ఆ ప్రశ్న దగ్గరే ఈ కేసంతా ఉంది. రెండు గంటలకోసారి అంటే మాకు 24 గంటల్లో 12 సార్లు. వాళ్ళకది పగటి పని. రాత్రి పిల్ల లేస్తే పాలు పడతారు, లేవకపోతే నిద్రపోతున్నట్టే కదా. నెలలు నిండిన పిల్లయితే ఆకలికి తనే లేచి ఇల్లెగరగొడుతుంది కాబట్టి ఆవిడ పెంచిన ముగ్గురు పిల్లలకీ ఆ పద్ధతి పనికొచ్చింది. రాత్రి పది నుంచి ఐదు దాకా ఏడు గంటలు, అంటే రోజుకి మూడు సార్ల పాలు పోయినట్టు, ఏడు రోజులు. పైగా పగలు పట్టించినప్పుడు కూడా పాప ఐదు నిమిషాలకే రొమ్ము దగ్గర నిద్రలోకి జారుకునేది, "కడుపు నిండిందండి, అందుకే పడుకుంది" అనుకున్నారు. పిండి గిన్నెతో పొయ్యడం ఇంటికెళ్ళిన రెండో రోజే మానేశారు, తల్లి పాలుండగా పిండడం ఎందుకని.

గుడ్డలెన్ని తడుపుతోంది అంటే మూడో నాలుగో అంది. ఒకటి రెండుసార్లు గుడ్డ మీద ఇటికరంగు మరక కనపడిందట. పసిపిల్లల్లో ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడితే ఆ రంగు మరక పడుతుంది, మేం వెతికే గుర్తే అది. అమ్మమ్మ చూసింది, గుర్తుపెట్టుకుంది కూడా, కాకపోతే "వేడి చేసింది" అనుకుని కూతురికి సగ్గుబియ్యం జావ కాచి పోసింది. గమనించడంలో లోపం లేదు, అలా కనపడితే ఎవరికి చెప్పాలో ఎవరూ చెప్పలేదు.

పథ్యం సంగతి కూడా రాయాలి. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, మంచినీళ్ళు చూసి చూసి గ్లాసుడు. చాలామంది డాక్టర్లు ఇక్కడే ఇంతెత్తున లేస్తారు. నేనూ లేచేదాన్ని ఇదివరకు. కానీ నీళ్ళు తగ్గినంత మాత్రాన పాలు టక్కున ఆగిపోవు, రొమ్ము ఖాళీ చెయ్యకపోతేనే తయారీ తగ్గిపోతుంది, అందులోనూ రాత్రంతా ఖాళీ చెయ్యకపోతే. కాబట్టి దెబ్బంతా పథ్యం మీదే తోసెయ్యడం న్యాయం కాదు. బీపీ వచ్చి ఆపరేషనైన పిల్ల రెండుపూటలా తినాలి, దాహం వేసినప్పుడల్లా తాగాలి అని చెప్పా, వెల్లుల్లి కారం జోలికి పోలేదు.

11వ రోజు పురుడు. నీళ్ళు పోసే ఆవిడొచ్చి నలుగు పెట్టి తలంటి సాంబ్రాణి పొగ వేసి, వస రాసి, బంధువులందరి చేతుల్లోంచీ తిరిగి పాప తల్లి దగ్గరకి వచ్చేసరికి మూడు గంటలు. రెండున్నర కిలోలు వచ్చేదాకా తలంటొద్దు, తడిగుడ్డతో తుడవండి అని కాగితంలో ఉంది. కాగితం డిక్కీలో ఉంది. కంగారూ కేర్ (పాపని ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం) సంగతి అడిగితే తల్లి మొదటిసారి నోరు తెరిచి, "అది ఆస్పత్రిలో చేసే వైద్యం అనుకున్నామండి" అంది.

ఆ తల్లే రెండో రాత్రి వాళ్ళమ్మ నిద్రపోయాక నాతో ఇంకో మాట చెప్పింది. డిశ్చార్జ్‌కి ముందు వార్డులో ఉన్నప్పుడు రాత్రుళ్ళు సిస్టర్లు లేపి పట్టించడం తను చూసింది, ఇంట్లో కూడా లేపబోయింది. "అమ్మ లేపనివ్వలేదండి, నిద్దరోయే పిల్లని లేపితే ఉలికిపాటు పట్టుకుంటుందంది". పుట్టింట్లో బాలింతగా మంచం మీదున్న 22 ఏళ్ళ పిల్ల తల్లి మాట కాదని పాపని లేపగలదా? అడగాల్సిన మనిషి ఆవిడ, చెప్పాల్సిన మనిషీ ఆవిడే, మేం ఆవిణ్ణి ఆటో కోసం కిందకి పంపాం.

ఇంకా రెండు కన్నాలు

ఆశా కార్యకర్త వచ్చి చూడాలి కదా అంటారు. ఆస్పత్రిలో పుట్టిన పిల్లల కోసం 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బరువు, వేడి, పాలు పట్టడం చూడాలి, 2011 నుంచి ఉన్న పథకమే. ఈ కేసులో పాప పేరు అత్తారి ఊరి ఆశా దగ్గరుంది. ఆవిడ వెళ్ళి చూస్తే ఇల్లు తాళం, పుట్టింట్లో ఉందని రాసుకుని వచ్చేసింది. పుట్టిల్లున్న లంకలో ఆశాకి ఈ పాప సంగతే తెలీదు. ఇద్దరిదీ తప్పు లేదు, మధ్యలో ఫోన్ చెయ్యాల్సింది మేము.

రెండోది మా రిసెప్షన్. 13వ రోజు పొద్దున తండ్రి ఫోన్ చేశాడు, కాజ్‌వే మునిగిపోయిందండి, పడవలు కూడా ఆపేశారు, ఏం చెయ్యమంటారు అని. రిసెప్షన్లో అమ్మాయి మంచిగానే "పర్లేదండి, నీళ్ళు తగ్గాకే రండి" అంది. నెల తక్కువ పాప, మొదటి విజిట్, ఎలా ఉందో ఒక్క మాట అడిగి నాకు ఇవ్వాలని ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. 13 లక్షల క్యూసెక్కులు దాటితే రెండో హెచ్చరిక ఇస్తారు, మా డెల్టాలో చిన్నపిల్లాడికైనా తెలుసు అప్పుడు లంకల పరిస్థితేంటో. జులై, ఆగస్టుల్లో లంక ఊరి పాపని ఐదు రోజుల తర్వాత రమ్మని రాసేటప్పుడు నా బుర్రలో గోదావరి లేదు, అంతే.

తండ్రి పుస్తకం

మూడో రోజు తండ్రి వచ్చాడు. చెరువు మీద కాపలా, మేత చూసుకునే పని. చదువు పదో తరగతి దాకా. నేను కొంచెం కోపంగానే ఉన్నా అతని మీద. కూర్చోబెట్టి పాలు, టైమ్‌లు, తడిగుడ్డలు లెక్క రాయాలి అని మొదలుపెట్టి, రాయడం వచ్చా అన్నట్టు చూశా కాబోలు, అతను బ్యాగ్‌లోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టాడు. చెరువు పుస్తకం. తేదీ, మేత ఎన్నింటికి, ఎన్ని కిలోలు, చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్ళెం) మిగిలిందా లేదా, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత, ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) ఎప్పుడు వేశారు, వల విసిరి చూస్తే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత. స్కేలు పెట్టి గీతలు, ఒక్క గడి ఖాళీ లేదు. మా వార్డు చార్ట్‌లు అంత శుభ్రంగా ఉండవు, ఒట్టు.

పాప ఏడవకపోవడం గురించి చెప్తుంటే నా మాట పూర్తవకుండానే అందుకున్నాడు. "మేత తినకపోతే రొయ్య అరుస్తుందాండి? చెక్ ట్రే ఎత్తి చూస్తేనే కదండీ తెలిసేది". తర్వాత తనలో తనే అన్నట్టు, "తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోద్దని రాత్రంతా చెరువు చుట్టూ తిరుగుతాను, ఇంట్లో పిల్లని మాత్రం లేపొద్దనుకున్నాం" అన్నాడు. నాకు మాట రాలేదు. పద్నాలుగేళ్ళలో లేట్ ప్రీటర్మ్ (నెలలు నిండటానికి కొంచెం ముందు పుట్టిన) బేబీ రాత్రి పాల గురించి నేను ఎవరికీ ఇంత బాగా చెప్పలేదు.

అదే పుస్తకంలో వెనక పేజీల్లో పాపకి గడులు గీశాడు అక్కడే కూర్చుని. అడ్డంగా 12 గడులు, ఆరింటి మీద సూర్యుడి బొమ్మ, ఆరింటి మీద చంద్రుడి బొమ్మ, అమ్మమ్మకి అంకెల కంటే అది తేలికని. కింద వరసలో తడిగుడ్డకి చుక్క. చెక్ ట్రే అని హెడ్డింగ్ పెట్టాడు దానికి, నవ్వుకుంటూ. తన ఫోన్‌తో పేజీ ఫొటో తీసుకుని పుస్తకం అత్తగారికిచ్చేశాడు, చెరువుకి కొత్తది కొనుక్కుంటానన్నాడు.

రాత్రి లేవడం ఎలా అంటే దానికీ అతనే దారి చెప్పాడు. ఎలాగూ మెలకువగానే ఉంటాను, 12కి, 2కి, 4కి మిస్డ్ కాల్ ఇస్తానండి అన్నాడు. అలారం పెట్టుకోండి అని నేను చెప్పబోయింది మానేశా.

రెండోసారి ఇంటికి పంపడం

ఈసారి డిశ్చార్జ్ మూడు రోజులు పట్టింది అనుకోవచ్చు, ఎందుకంటే చేర్చిన మర్నాటి నుంచే అమ్మమ్మ చేతే అన్నీ చేయించాం. పాప బరువుకి రోజుకి దాదాపు 300 ఎంఎల్, అంటే పూటకి 25. ఎంఎల్ అంటే ఆవిడకి పట్టదు. మా పలాడై (పసిపిల్లలకి పాలు పోసే ముక్కు గిన్నె) పక్కన పెట్టి ఆవిడ వెండి ఉగ్గు గిన్నెనే సిరంజీతో కొలిస్తే అంచు కిందకి 12 పట్టింది. "పూటకి రెండు గిన్నెలు" అని ఖాయం చేశాం, ప్రతిసారీ మరిగించి వాడాలని చెప్పి. రొమ్ము పట్టించాక పాప మధ్యలోనే పడుకుంటే పిండి గిన్నెలతో పొయ్యాలి. లేపడం ఎలాగో కూడా చేసి చూపించాల్సొచ్చింది, చుట్టిన గుడ్డ విప్పడం, అరికాలు గీకడం, వీపు రాయడం. మొదట్లో ఆవిడకి ప్రాణం ఒప్పలేదు, "అయ్యో పాపం" అంటూనే గీకింది.

చుక్కల మందు డ్రాపర్ మీద అర ఎంఎల్ దగ్గర తెల్ల ప్లాస్టర్ సన్నగా కత్తిరించి చుట్టాం. పాయింట్ ఫైవ్ అనే మాట వార్డులో ఎవరూ అనకూడదని చెప్పా, ప్లాస్టర్ గీత దాకా, అంతే. నీళ్ళతో మూడుసార్లు తీయించా.

11 సూచనల్లో ఐదు ఉంచి మిగతావి కొట్టేశా. తెలుగులో, ఒకవైపే, పెద్ద అక్షరాలతో. రాత్రి పాలు, రోజుకి ఆరు తడిగుడ్డలు, ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెల మీద పెట్టుకోవడం, ప్లాస్టర్ గీత దాకా చుక్కలు, ఫోన్ కూడా చెయ్యకుండా వచ్చెయ్యాల్సిన గుర్తులు. ఆ గుర్తులు పాలు మానెయ్యడం, లేపినా లేవకపోవడం, ఫిట్స్, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి, ఒళ్ళు కాలిపోవడం లేదా చల్లబడిపోవడం, అరికాళ్ళు పచ్చబడటం. కాటుక వద్దు, ఉగ్గులో ఆముదం వద్దు, తేనె వద్దు, గ్రైప్ వాటర్ వద్దు అనేవి నోటితో చెప్పా, కాగితం మీద రాయలేదు. కొబ్బరినూనె సుతారంగా రాసుకోండి, ముక్కులో చెవుల్లో పొయ్యకండి అన్నా. అన్నిటికీ వద్దంటే అసలైన వద్దు కూడా వినరు. బారసాల 21వ రోజుకి పెట్టుకున్నారు, చేసుకోండి, పాపని తలంటకుండా తడిగుడ్డతో తుడిచి కొత్త గుడ్డ కట్టండి, అందరి చేతులకీ ఇవ్వకండి అంటే అమ్మమ్మ కాసేపు ఆలోచించి "పంతులుగారిని నీళ్ళు జల్లమంటానండి, సరిపోద్ది" అంది. గుండెల మీద పెట్టుకోవడం తల్లికి మొహమాటం, ఇంటికి ఎప్పుడూ చూసిపోయేవాళ్ళే. అమ్మమ్మ కూడా పెట్టుకోవచ్చు, తండ్రి కూడా, అని తెలిశాక రాత్రిపూట ఆవిడే పెట్టుకుంటానంది.

అదే రోజు లంకలో ఏఎన్ఎంకి (ఊరి ప్రభుత్వ నర్సు) ఫోన్ చేసి పాప పేరు అక్కడి ఆశాకి ఎక్కించాం. పాప 18వ రోజు 1900తో ఇంటికెళ్ళింది. రెండు రోజులకి మా సిస్టర్ ఫోన్ చేసింది, "పాప బాగుందా" అని అడగొద్దన్నా, ఆయ్ బాగుందండి అనేస్తారు. "రాత్రి ఎన్నిసార్లు లేపారు, నిన్న ఎన్ని చుక్కలు పెట్టారు పుస్తకంలో" అని అడిగింది. నాలుగు, ఏడు.

తర్వాత

21వ రోజు 1965. బారసాల సాయంత్రమే ఆశా తన వేలాడే కాటాతో తూచి నాకు ఫోన్ చేసింది, కాజ్‌వే తేలింది కానీ బురద. ఐరన్ మొదలుపెట్టమన్నా, ఆ డ్రాపర్‌కి వేరే రంగు ప్లాస్టర్. 28వ రోజు 2160, 42వ రోజు 2590.

42వ రోజు పుస్తకం తెచ్చారు. పాల గడులు నిండుగా ఉన్నాయి, ఐరన్ వరస మాత్రం ఆరు రోజులు ఖాళీ. అడిగితే అమ్మమ్మ దొంగచూపు చూస్తూ "దొడ్డికి నల్లగా వచ్చిందండి, భయమేసి ఆపేసేను". ఐరన్ వేస్తే మలం నల్లబడుతుంది, మాకు తెలుసు, చెప్పలేదు. మళ్ళీ మాదే. ఇప్పుడు మా ఐరన్ చీటీ మీద మందు పేరు కంటే ముందు ఆ మాట ఉంటుంది.

ఆ రోజే ఆరు వారాల టీకాలు. జ్వరానికి పారాసెటమాల్ చుక్కలు రాశా, ఈ మందు దగ్గర నాకు ఎప్పుడూ భయమే, చుక్కల్లో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములుంటే సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125, అంటే చుక్కలు నాలుగు రెట్లు గాఢం, ఇంట్లో పెద్దపిల్లాడి సిరప్ కొలతతో పసిపిల్లకి చుక్కలు పోసేసిన కేసు చూశాను. నేను ఇంకా చెప్తుండగానే అమ్మమ్మ చెయ్యి చాపి "గీత ఎక్కడికండి" అని ప్లాస్టర్ అడిగింది.

రెండున్నర కిలోలు దాటింది, రొమ్ము గట్టిగా పడుతోంది, తనే లేచి ఏడుస్తోంది కూడా. ఇంక రాత్రి ప్రతి రెండు గంటలకీ లేపక్కర్లేదు, నాలుగు గంటలు పడుకున్నా పర్లేదు అని చెప్పా. తండ్రి ఫోన్ తీసి, "అయితే మిస్డ్ కాల్స్ మానెయ్యమంటారాండి" అన్నాడు. నేను సమాధానం చెప్పేలోపే తల్లి, ఇన్ని విజిట్లలో నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడని పిల్ల, పాప గుడ్డ సర్దుకుంటూ "పన్నెండింటిది ఉండనివ్వండి" అంది.